పూత మీద బయానా

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజున ఉంగుటూరులో జరిగిన ప్రతిభా విద్యార్థుల సత్కార సభలో మన సంఘం కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో మేము ఏం మాట్లాడతామో మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఏకలవ్యుడితో మొదలుపెడతాం. అంబేద్కర్ గారి దగ్గరికి వస్తాం. బాగా చదువుకోండి అని ముగిస్తాం. తర్వాత శాలువాలు, మెమెంటోలు, కవర్లు, ఫొటోలు, భోజనాలు. ఈసారి అలా కాకుండా ముందు మా తప్పు ఒకటి ఒప్పుకుని, ఆ తర్వాత ప్రతిభా ఉపకారవేతనాల సంగతి కాస్త వివరంగా మాట్లాడాలని అనుకున్నాం. కొంచెం ఎక్కువసేపు పడుతుంది. వంట ఇంకా కాలేదని ఇప్పుడే కబురొచ్చింది కాబట్టి మీకూ వేరే దారి లేదు.

మన సంఘం గదిలో గోడకి కొన్నేళ్ల కిందటి సభ ఫొటో ఒకటి ఉంది. అందులో ఎడమ నుంచి మూడో అమ్మాయి ఆ ఏడు పదో తరగతిలో మన పిల్లలందరిలోకీ మొదట వచ్చింది. శాలువా కప్పాం, కవరిచ్చాం, ఈ పిల్ల ఇంజినీరవుతుంది చూడండి అని మైకులో చెప్పాం. మేము చెప్పినట్టే రెండేళ్ల తర్వాత ఇంటర్‌లో వెయ్యికి తొమ్మిది వందల పైన తెచ్చుకుంది. ఎంసెట్ రాసింది. కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది. ఫీజు ప్రభుత్వమే కడుతుంది. ఇక ఏం కావాలి?

కాలేజీలో రిపోర్టు చేయడానికి వెళ్లిన రోజు, ప్రభుత్వం ఇచ్చే ఫీజులో కలవనివి కొన్ని ఉన్నాయన్నారట. బస్సుకి కొంత, ఇంకేవో కొంత. వారం గడువు ఇచ్చారు. వాళ్ల నాన్న నూజివీడు దగ్గర ఒక తోటకి కాపలా. కాపలా డబ్బు ఆఖరి కోత అయ్యాక, లెక్క తేలాక చేతికొస్తుంది. ఆ ఏడాది గాలివానకి కాయ రాలిపోయి లెక్క తేలనే లేదు. గడువు దాటింది. అమ్మాయి ఇంటికొచ్చేసింది.

ఇది మాకు తెలిసింది ఆ తర్వాత రెండు వేసవులు గడిచాక. ఒక మామిడి షెడ్డులో కాయ గ్రేడింగు చేస్తూ కనిపించింది. ఏమ్మా, ఇంజినీరింగ్ ఏ ఏడాది అని అడిగాం. చెప్పింది. ఎంత తక్కువైందమ్మా అంటే, ఎనిమిది వేల ఐదొందలు అన్నయ్యా, అంది. ఏడవలేదు, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మళ్లీ కాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి సంఘం పాసుపుస్తకం తీసి చూశాం. ఆ జూలైలో మన ఖాతాలో నలభై వేల పైన ఉంది. ఆగస్టు సభకని దాచిన డబ్బు. టెంటుకి, మైకుకి, భోజనాలకి, మెమెంటోలకి. ఆ అమ్మాయిలాంటి పిల్లల కోసమని మీ దగ్గర వసూలు చేసిన డబ్బే అది. ఆమెకి అవసరమైన వారంలో అది బ్యాంకులో కూర్చుంది. ఆమె మమ్మల్ని అడగలేదు. అడగొచ్చని మేము ఎప్పుడూ చెప్పలేదు కూడా. ఈ కథ చెప్పడానికి ఆమె ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది.

ఈ చుట్టుపక్కల తోటల్లో బతికేవాళ్లం మనం. వ్యాపారి తోట ఎప్పుడు కొంటాడు? సంక్రాంతి దాటాక పూత చూసి వస్తాడు. ఆ పూతలో ఎంత నిలుస్తుందో ఆయనకీ తెలియదు, రైతుకీ తెలియదు. మంచు పట్టొచ్చు, తేనెమంచు పురుగు పడొచ్చు, ఏప్రిల్‌లో ఒక్క గాలి చాలు. అయినా బయానా చేతిలో పెడతాడు. ఆ బయానాతోనే రైతు మందు కొడతాడు, నీళ్లు పెడతాడు, కాపలా పెడతాడు. మన సంఘం మాత్రం కాయ కోసి, తూకం వేసి, ఇది రసమా బంగినపల్లా అని తేల్చుకున్నాక ఒక శాలువా పట్టుకుని వెళుతోంది. లాభం చూసుకునే వ్యాపారికి ఉన్న నమ్మకం మన పిల్లల మీద మనకి లేకుండా పోయింది.

సరే, ఇప్పుడు డబ్బు ఎక్కడెక్కడ ఉందో చూద్దాం. ముందు ఒక తేడా తెలుసుకోవాలి. చదువుకునే ప్రతి గిరిజన విద్యార్థికీ హక్కుగా వచ్చే ఉపకారవేతనం ఒకటి. మార్కులు, ర్యాంకు చూసి కొందరికే ఇచ్చేది ఇంకొకటి. మన ఇళ్లలో ఈ రెండూ కలిసిపోయాయి. మా వాడికి మార్కులు తక్కువ, స్కాలర్‌షిప్ రాదులే అని దరఖాస్తే పెట్టని తండ్రులు ఉన్నారు. మొదటిదానికి మార్కులతో పని లేదు బాబాయ్. పాసై, పై తరగతిలో చేరి, ఆదాయం పరిమితి లోపల ఉంటే చాలు.

ఆ మొదటిది ఇవాళ్టిది కాదు. అంబేద్కర్ గారు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న రోజుల్లో, 1944లో, షెడ్యూల్డ్ కులాల పిల్లలకి మెట్రిక్ తర్వాత చదువుకి ఉపకారవేతనాలు మొదలయ్యాయి. 1948–49 నుంచి గిరిజనులకీ ఇచ్చారు. మన ఎరుకల తాతలు రాత్రిపూట పోలీసు స్టేషనులో హాజరు వేయించుకున్న రోజులు అప్పటికింకా ఎవరూ మరిచిపోలేదు. నేరస్థ తెగల చట్టం 1911 నుంచి మద్రాసు రాష్ట్రంలో మన నెత్తిన కూర్చుంది. స్టూవర్టుపురం, సీతానగరం సెటిల్‌మెంట్లు దాని కిందవే. దేశం మొత్తం మీద ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. అది పోవడానికి, ముఖ్యంగా యానాదుల చదువుకి పాటుపడ్డ నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారిని ఈ సందర్భంలో తలుచుకోవాలి. పుట్టుకతోనే దొంగ అని రిజిస్టరులో రాసిన తెగల పిల్లలకి అదే ప్రభుత్వ వ్యవస్థ చదువుకోమని డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. దీన్ని దయగా తీసుకోనక్కర్లేదు. పాత బాకీలో ఒక వాయిదా అనుకోండి.

ఇవాళ ఆ పథకంలో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం పెడతాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.50 లక్షలు దాటకూడదు. మన రాష్ట్రంలో ఇది రెండు ముక్కలు. కాలేజీ ఫీజు ఒకటి, దాన్ని ఆర్‌టీఎఫ్ అంటారు. తిండికి, ఉండడానికి ఇచ్చేది ఇంకొకటి, అది ఎంటీఎఫ్. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారాయి. 2019 తర్వాత కొన్నేళ్లు విద్యా దీవెన, వసతి దీవెన అని తల్లుల ఖాతాల్లో వేశారు. తర్వాత ఫీజు మళ్లీ కాలేజీలకే అన్నారు. వసతి దీవెన మొదలైనప్పుడు ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీ, ఆపైన 20,000 అని పెట్టారు, రెండు విడతల్లో. పేరు ఏదైనా ఒక గుణం మాత్రం మారలేదు. కాలేజీ మొదటి రోజే అడుగుతుంది. ప్రభుత్వం నెలల తర్వాత ఇస్తుంది. మధ్యలో ఉన్న ఖాళీని ఎవరో ఒకరు పూడ్చాలి. ఉన్నవాళ్ల ఇంట్లో నాన్న పూడుస్తాడు. మన ఇంట్లో వడ్డీ వ్యాపారి పూడుస్తాడు, లేదా పిల్ల చదువు మానేస్తుంది.

ఇంకో మాట. ఫీజు బాకీ ఉందని టీసీ, మార్కుల మెమోలు కాలేజీలో పట్టి ఉంచడం మీలో చాలామందికి అనుభవమే. అసలు సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. చూపించి, నకళ్లు ఇచ్చి, అసలువి వెనక్కి తీసుకోండి. ఇస్తే పోతాయేమో, ఇవ్వకపోతే సీటు పోతుందేమో అన్న భయం మాకు తెలుసు. ఆ నోటిఫికేషన్ నకలు మా దగ్గర ఉంది, మీతో పాటు వచ్చి మాట్లాడతాం.

ఇప్పుడు రెండో రకం, ప్రతిభ చూసి ఇచ్చేవి. పెద్ద జాబితా చదవం, మీకు నిద్రొస్తుంది. మన పిల్లలకి నిజంగా అందే దూరంలో ఉన్నవి రెండు మూడు చెబుతాం.

అన్నిటికంటే పెద్దది కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఇచ్చేది. టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ అని 2007–08లో మొదలైంది. ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ఐఐఎంలు, ఎయిమ్స్ లాంటి గుర్తింపు పొందిన సంస్థల్లో సీటు వస్తే ట్యూషన్ ఫీజు మొత్తం వాళ్లే కడతారు, ప్రైవేటు సంస్థ అయితే ఏడాదికి 2.50 లక్షల వరకు. దాని మీద నెలకి 2,200 ఖర్చులకి, ఏడాదికి 3,000 పుస్తకాలకి, కంప్యూటరుకి ఒకసారి 45,000. ఇక్కడ ఆదాయ పరిమితి 6 లక్షలు. అమ్మానాన్నల్లో ఒకరికి చిన్న ఉద్యోగం ఉండి, 2.50 లక్షలు దాటి, మాకేం రాదని కూర్చున్న ఇళ్లు ఇది గమనించాలి. కొత్తగా ఏడాదికి దేశం మొత్తానికి 1,000 మందికి. 2011 జనాభా లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే గిరిజనులం 27 లక్షల పైన ఉన్నాం. దేశమంతా ఎంతమందో, అందులో వెయ్యి ఎంతో మీరే చూసుకోండి. పీహెచ్‌డీ చేసేవాళ్లకి జాతీయ ఫెలోషిప్‌లు ఏడాదికి 750 ఉన్నాయి. విదేశాల్లో చదవడానికి 20 మాత్రమే. ఆ ఇరవైలో ఒకటి ఈ నూజివీడు, ఉంగుటూరు చుట్టుపక్కలకి ఎప్పుడు వస్తుందా అని మా అధ్యక్షుల వారికి ఒక కల. మాకు మాత్రం ముందు ఆ ఎనిమిది వేల ఐదొందల సంగతి తేలాలి.

ఇంటర్‌లో పై 20 శాతంలో నిలిచినవాళ్లకి కేంద్రం ఇచ్చేది ఇంకొకటి ఉంది. దేశానికి ఏటా 82,000, సగం ఆడపిల్లలకి. డిగ్రీలో ఏడాదికి 12,000 ఇస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. వేరే స్కాలర్‌షిప్, ఫీజు మాఫీ తీసుకునేవాళ్లకి ఇది రాదు. ఇంజినీరింగ్ పిల్లకి ఫీజు రీయింబర్స్‌మెంటే లాభం. ఫీజు నామమాత్రంగా ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరిన పిల్ల మాత్రం రెండూ పక్కపక్కన పెట్టి లెక్క చూసుకోవాలి. తెలియక రెంటికీ పెట్టి రెండూ ఆగిపోయిన కేసు ఒకటి మేము చూశాం. చిన్న పిల్లల తల్లిదండ్రులకి ఒక్క మాట: ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివేవాళ్లకి ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఉంటుంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ఏడాదికి 12,000. ఈ ఒక్క పరీక్ష రాయిస్తే చాలు, పదో తరగతి తర్వాత ఆ బిడ్డని తోట పనికి పంపాలన్న ఆలోచన కొంచెం వెనక్కి పోతుంది.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కాగితానికీ ఖాతాకీ మధ్య ఏం ఉందో చెబుతాం.

ప్రతి సభలో ఏకలవ్యుడి బొటనవేలు గురించి చెబుతాం కదా, ఈసారి మా అమ్మల బొటనవేళ్ల గురించి చెప్పనివ్వండి. ఒకప్పుడు నూజివీడు రసాలు గంపల్లో, వరిగడ్డి పరిచి, ఊళ్లు దాటి వెళ్లేవి. ఆ గంపలు అల్లింది మనవాళ్లే. ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలు, అట్టపెట్టెలు వచ్చాయి. గిరాకీ పోయినా వెదురు చీల్చిన చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. ముప్పై ఏళ్లు దబ్బలు చీల్చిన వేలు మీద గీతలు ఎక్కడుంటాయి? సచివాలయంలో మిషను మీద వేలు పెడితే ఎర్ర లైటు. మళ్లీ పెట్టు, తుడిచి పెట్టు, ఇంకో వేలు పెట్టు. బిడ్డ స్కాలర్‌షిప్‌కి తల్లి వేలిముద్ర పడక మూడుసార్లు తిరిగి, నాలుగోసారి కూలి పోతుందని మానేసిన అమ్మ ఇవాళ ఈ సభలోనే కూర్చుని ఉంది. మన తాతల వేలిముద్రలు స్టేషను రిజిస్టరులో చక్కగా పడ్డాయి. మన అమ్మల వేలిముద్రలు స్కాలర్‌షిప్ మిషనులో పడవు. వేలు పడకపోతే కన్ను చూపించే మిషను ఉంటుంది, ఫోనుకి ఓటీపీ వచ్చే పద్ధతి ఉంటుంది. దానికి ముందు ఆధార్‌కి ఫోను నంబరు కలిపి ఉండాలి. ఆ నంబరు ఇంకా వాడుకలో ఉండాలి. మన ఇళ్లలో సిమ్ములు మామిడి సీజనుకొకటి మారతాయి.

తర్వాత పేర్లు. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, కుల ధ్రువపత్రంలో ఇంకోలా. బడిలో చేర్చిన రోజు మాస్టారు రాసిందే పేరు, పుట్టిన తేదీ కూడా ఆయన ఇష్టమే. అందుకే మనవాళ్లలో సగం మంది జూన్‌లో పుట్టారు. నవ్వడానికి బాగానే ఉంటుంది కానీ, ఆ ఒక్క అక్షరం తేడా దగ్గర దరఖాస్తు ఆగిపోతుంది. బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిపి ఉంటే సరిపోదు, ఏ ఖాతాలో డబ్బు పడాలో ఎన్‌పీసీఐ దగ్గర నమోదై ఉండాలి. ఇవన్నీ జూలైలో సరిచేయాలంటే కుదరదు. జనవరిలో, పూత వచ్చే రోజుల్లోనే చేయించుకోవాలి.

ఏజెన్సీలో ఇలాంటివాటికి ఐటీడీఏ ఉంటుంది. పాడేరు, రంపచోడవరం, సీతంపేట. యానాదుల కోసం నెల్లూరులో ఒకటి ఉంది. మనం మైదానంలో ఉన్నాం. ఊరికి రెండు మూడు ఇళ్లు, చెరువు గట్టు మీద నాలుగు, తోటలో ఒకటి. ఒక చోట ఉంటే కదా మన కోసం ఆఫీసు పెట్టేది. ఆ ఆఫీసు చేసే పనిలో కొంతైనా చేయకపోతే మన సంఘం ఎందుకు?

ఇక ప్రతిభ అంటే ఏమిటన్న దగ్గరికి వద్దాం. ఇక్కడి నుంచి హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారితే నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు ప్రాంగణాలతో ఆ విశ్వవిద్యాలయం మొదలైంది. పదో తరగతి మార్కులతోనే సీటు. రెండేళ్లు ఇంటర్ లాంటి చదువు, నాలుగేళ్లు బీటెక్, ఆరేళ్లూ అక్కడే ఉండి చదువుకోవచ్చు. కోచింగుకి లక్షలు పోయలేని ఇళ్ల కోసమే పెట్టారు. మనం మామిడికి పేరు చెప్పుకునే ఊరు ఇవాళ రాష్ట్రంలో పల్లెటూరి పిల్లల ఇంజినీరింగుకి కూడా పేరు చెప్పుకుంటోంది.

అక్కడ చేర్చుకునే పద్ధతిలో ఒక సంగతి మీరు గమనించాలి. గ్రేడ్ పాయింట్లు ఉన్న రోజుల్లో, నివాస వసతి లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లల పాయింట్లకి 0.4 కలిపేవాళ్లు. 9.4 వచ్చిన జిల్లా పరిషత్ బడి పిల్లని 9.8 వచ్చిన ప్రైవేటు బడి పిల్లతో సమానంగా చూసేవాళ్లు. దానికి వాళ్లు పెట్టిన పేరు వెనకబాటు స్కోరు లాంటిది. మాకైతే ఆ పేరు నచ్చదు, ఆ లెక్క మాత్రం నచ్చుతుంది. ఎక్కడికి చేరావన్నదానితో పాటు ఎక్కడి నుంచి నడిచి వచ్చావో కూడా చూసే లెక్క అది.

మరి మన సంఘం ఏం చేస్తోంది? ఇన్నేళ్లూ మార్కుల జాబితా పై నుంచి కిందికి చూసి, పై ఐదుగురికి శాలువా కప్పుతున్నాం. ఈ మధ్య కార్యవర్గంలో కూర్చుని నిరుటి జాబితా తీసి, ఊరికే చూద్దామని, ఆ 0.4 లాంటిదే మనమూ ఒకటి కలిపి చూశాం. ఇంట్లో మొదటిసారి పది దాటినవాళ్లకి కొంత. వేసవి వచ్చాక అమ్మానాన్నతో తోట గుడిసెలో ఉండి పరీక్ష రాసినవాళ్లకి కొంత. క్రమం మారిపోయింది. నిరుడు మేము పిలవని ఒక యానాది అబ్బాయి పై ముగ్గురిలోకి వచ్చాడు. ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడ చదువుతున్నాడో కనుక్కుందామని వెళితే, చదవడం లేదు. గన్నవరంలో ఒక కొట్టులో పని చేస్తున్నాడు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించాం. అతను ఇవాళ రాలేదు, కొట్టు యజమాని సెలవివ్వలేదట.

ర్యాంకు వచ్చాక కూడా పిల్లలు ఆ ఖాళీలో పడిపోవడం మన దగ్గరే కాదు. 2024లో దేశమంతా పేపర్లలో చదివింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక దినకూలి కొడుకు, దళిత విద్యార్థి, ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు తెచ్చుకున్నాడు. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయలు కట్టాలి. ఊళ్లో పోగుచేసి కట్టేసరికి గడువు నిమిషాల్లో దాటిపోయింది, సీటు పోయింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. సెప్టెంబరు 30న కోర్టు తన ప్రత్యేక అధికారం వాడి అతన్ని చేర్చుకోమంది. అదే ఏడాది తెలంగాణలో ఒక తండా అమ్మాయికి ఐఐటీ పాట్నాలో సీటొచ్చింది. మొదటి సొమ్ము మాత్రం కట్టగలిగింది. మిగతాది కట్టలేక ఆమె మేకలు కాస్తోందని పేపర్లలో వచ్చాక ప్రభుత్వం సాయం చేసింది. ఈ ఇద్దరి సంగతి మనకి తెలిసింది అది వార్త అయింది కాబట్టి. షెడ్డులో కాయలు ఏరుతున్న మన అమ్మాయి వార్త కాలేదు.

అందుకని వచ్చే ఏడాది నుంచి ఇలా చేద్దామని మా ప్రతిపాదన. వసూలైన డబ్బులో సగం ఆగస్టు దాకా ఆగదు. ఫలితాలు వచ్చిన రోజు నుంచి చేరికలు అయ్యేదాకా సిద్ధంగా ఉంటుంది. ఇంటికి పది వేలకి మించకుండా. ముగ్గురు మనుషులు, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి, ఒక్క రోజులో తేలుస్తారు. ఇంత మార్కులు రావాలని లేదు, సీటు కాగితం చూపిస్తే చాలు. ఫొటో ఉండదు, మైకు ఉండదు. జనవరిలో రెండు ఆదివారాలు ఆధార్, పేరు, బ్యాంకు, కుల ధ్రువపత్రాల పని. ట్రిపుల్ ఐటీలో చదువుతున్న మన పిల్లలు ఇద్దరు వచ్చి కూర్చుంటామన్నారు.

ఇది కార్యవర్గంలో అందరూ ఒప్పుకున్నారని చెప్పం. పెద్దాయన ఒకరు అన్న మాట చెబుతాం: శాలువా తీసేస్తే ఎట్టారా, మా ఆవిడ జన్మలో స్టేజీ ఎక్కింది ఒక్కసారే, మనవరాలికి కప్పిన రోజు. ఆ రోజు మా వీధిలో రెడ్డిగారు మా ఇంటికొచ్చి కూర్చున్నారు, అన్నాడు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. నిజమే. దొంగల జాబితాలో పేరున్న ఇంటి బిడ్డ పేరు మైకులో గౌరవంగా వినపడడం చిన్న సంగతి కాదు. అందుకే సభ ఉంటుంది, శాలువా ఉంటుంది. మెమెంటో మాత్రం మానేద్దాం. అది ఏ ఇంట్లోనూ పెట్టడానికి చోటు లేదు, చాలా ఇళ్లలో గూడు కూడా లేదు. ఇంకొకటి, పదిలో మొదట వచ్చినవాళ్లతో పాటు డిగ్రీ, ఇంజినీరింగ్ రెండో ఏడాదిలోకి వెళ్లినవాళ్లని కూడా పిలుద్దాం. చేరడం ఒక గండం, మొదటి ఏడాది నిలబడడం ఇంకో గండం.

తేలని విషయం ఒకటి ఉంది. ఇచ్చిన డబ్బు స్కాలర్‌షిప్ వచ్చాక తిరిగి ఇవ్వాలా? ఇవ్వాలని కోశాధికారి గారు. రాసుకుంటేనే వచ్చే ఏడాది ఇంకొకరికి ఉంటుంది అంటారు. రాసుకుంటే అది అప్పు అవుతుంది, మన ఇళ్లకి ఇప్పటికే ఉన్న అప్పులు చాలు అని మిగతా కొందరు. బయానా వెనక్కి అడగరు కదా అని ఒకరు, కాయ రాలితే అడుగుతారు అని ఇంకొకరు. రాత్రి పదకొండింటి దాకా తగువు. మీరే చెప్పండి, భోజనాల దగ్గర ఎవరి మాట వాళ్లు చెప్పండి, వచ్చే సమావేశంలో తేలుస్తాం.

ఇప్పుడు పిల్లల పేర్లు పిలుస్తారు. అది అయ్యాక, ఆ వేపచెట్టు కింద బల్ల వేశాం. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం తెచ్చుకున్నవాళ్లు రండి, పేర్లు కలుస్తున్నాయో లేదో చూస్తాం. తెచ్చుకోనివాళ్లు ఫోను నంబరు రాసిపెట్టి వెళ్లండి. వేలిముద్ర పడని అమ్మలు, మీరు తప్పకుండా రండి, వచ్చే వారం సచివాలయానికి మీతో ఒకరు వస్తారు. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చి, కాలేజీలో చేరే గడువు దగ్గరపడ్డవాళ్లు ఎవరైనా ఉంటే భోజనానికి ముందే రండి. ఈ ఏడాది మెమెంటోలకని ఉంచిన డబ్బు ఖర్చు పెట్టలేదు, అది బల్ల దగ్గరే ఉంది.